డిక్కీ ఖిస్సా: డిజైర్ నాలుగు తరాల తారీఖ్

మా అమ్మీ దృష్టిలో కారంటే డిక్కీ. ముందు ఇంజిన్, మధ్యలో మనుషులు, వెనక సామాను. మూడూ వేరువేరుగా కనపడాలి. ‘డిక్కీ లేనిది కారెట్లయితది బేటా, ఆటోకి తలుపులు పెట్టినట్టుంటది’ అనేది. చిన్నప్పుడు ఆ మాటకు నవ్వుకునేవాళ్లం. తర్వాత అర్థమైంది, దేశంలో సగం ఖాందాన్‌ల ఆలోచన అదేనని. ఆ ఆలోచన మీదే ఒక కారు పుట్టి, పెరిగి, పొట్టిదై, టాక్సీ అయి, మళ్లీ ఇంటి కారైంది. దాని పేరు డిజైర్.

డిక్కీ ఉన్న కారు మొదట్లో అమీర్ల సవారీ. మారుతి 1990లో ‘మారుతి 1000’ తెచ్చింది, 1994లో ఎస్టీమ్ వచ్చింది. ఆఫీసర్లు, సేఠ్‌లు కొన్నారు. మామూలు నౌకరీ చేసేవాళ్లకు మారుతి 800 దొరికితే అదే నసీబ్. 2005లో స్విఫ్ట్ వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ డిక్కీ బయటికి కనపడదు. అమ్మీ లాంటివాళ్ల ఫిర్యాదు అట్లాగే మిగిలింది.

అసలు ఖిస్సా ఇక్కడే మొదలు. 2006 ఫిబ్రవరి బడ్జెట్‌లో చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే ఏది? పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు. 2008 బడ్జెట్‌లో ఆ సుంకం ఇంకా తగ్గి 12 శాతానికి వచ్చింది. అంటే నాలుగు మీటర్ల గీతకు అటున్న కారుకో ధర, ఇటున్న కారుకో ధర. కార్ల ఇంజినీర్ల చేతిలోని టేపు కొలతను ఆ రోజు నుంచి ఖజానా పట్టుకుంది. ఈ గీతలోపు డిక్కీని ఇమిడ్చిన మొదటి కారు టాటా ఇండిగో సీఎస్, 2008లో వచ్చింది.

అదే ఏడాది మార్చిలో మారుతి స్విఫ్ట్ డిజైర్‌ను విడుదల చేసింది. మన హైదరాబాద్ వాళ్లకు ఆ నెల ఇంకో విధంగా యాదుంటుంది. బేగంపేట విమానాశ్రయం మూతపడి శంషాబాద్ తెరిచింది ఆ నెలలోనే. గల్ఫ్ నుంచి వచ్చే అన్నదమ్ముల కోసం ఊరి నడుమ ఉన్న బేగంపేటకు ఆటోలో పోయినవాళ్లం, ఊరి చివర శంషాబాద్‌కు కారు మాట్లాడుకోవాల్సి వచ్చింది. పెద్ద సూట్‌కేసులు రెండు, తాళ్లతో కట్టిన కార్టన్ ఒకటి, మనుషులు నలుగురు. డిక్కీ జరూరత్ అప్పుడు తెలిసింది.

మొదటి తరం డిజైర్ అందగత్తె కాదు. స్విఫ్ట్ వెనక ఒక పెట్టె అతికించినట్టుండేది. పొడవు 4,160 మిల్లీమీటర్లు, పన్ను రాయితీకి 160 ఎక్కువ. 1.3 లీటర్ పెట్రోల్ ఇంజిన్ కూడా గీత దాటినదే. 2010లో దాని స్థానంలో 1.2 లీటర్ ఇంజిన్ వచ్చినా పొడవు మారలేదు కాబట్టి రాయితీ రాలేదు. అయినా జనం కొన్నారు. డిక్కీ 440 లీటర్లు! పైగా డీజిల్ ఇంజిన్, 1,248 సీసీ, ఫియట్ డిజైన్. పెట్రోల్ ధర మీద సర్కార్ పట్టు 2010లో పోయింది, డీజిల్ మీద 2014 దాకా ఉంది. ఆ నాలుగేళ్లు డీజిల్ బండి అంటే జేబుకు రాహత్.

2012 ఫిబ్రవరిలో రెండో తరం వచ్చింది. పొడవు 3,995 మిల్లీమీటర్లు. గీతకు ఐదు మిల్లీమీటర్లు ఇవతల! అప్పటి స్విఫ్ట్ పొడవు 3,850. అంటే దానికి డిక్కీ పెట్టడానికి మిగిలింది 145 మిల్లీమీటర్లు, జానెడు కూడా కాదు. కోత ఎక్కడ పడింది? డిక్కీ మీదే. 440 లీటర్లు కాస్తా 316 అయింది. వెనక నుంచి చూస్తే తోక తెగినట్టుండేది. కానీ ధర తగ్గింది, అమ్మకాలు పెరిగాయి. మిగతా కంపెనీలూ ఇదే దారి పట్టాయి. 2013లో హోండా అమేజ్, 2014లో హ్యుందాయ్ ఎక్సెంట్, టాటా జెస్ట్, 2015లో ఫోర్డ్ ఆస్పైర్. ఒక బడ్జెట్ వాక్యం నుంచి ఒక కార్ల ఖాందానే పుట్టింది.

పాత శరీరాన్ని మారుతి పారేయలేదు. ‘డిజైర్ టూర్’ పేరుతో టాక్సీల కోసం కొనసాగించింది. తమాషా చూడండి, ఇంటివాళ్లు కొనే కొత్త డిజైర్ కంటే టాక్సీవాడి పాత డిజైర్ డిక్కీయే పెద్దది. యాప్‌లో క్యాబ్‌లు పిలిచే జమానా మొదలయ్యేసరికి ఈ బండి సిద్ధంగా ఉంది. పాతబస్తీలో, టోలీచౌకీలో ఎంతమంది కుర్రాళ్లు కిస్తీల మీద తెల్ల డిజైర్ తీసుకున్నారో లెక్క లేదు. మా దుల్హే భాయ్ కూడా 2014లో ఒకటి తీసుకున్నాడు. గల్ఫ్ వీసా కోసం దాచిన పైసలు డౌన్ పేమెంట్ అయ్యాయి.

ఆ బండిలోనే ఒకసారి చుట్టాల వలీమాకు పోయాం. ఫంక్షన్ హాలు గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. ‘క్యాబ్ లోపలికి నక్కో, బయటే దింపు’ అన్నాడు. వెనక సీట్లో అమ్మీ, ఆపా పట్టుచీరల్లో ఉన్నారు. ఆపా ముఖం చిన్నబోయింది. దుల్హే భాయ్ ఏం మాట్లాడకుండా రోడ్డు మీదే ఆపాడు. లోపలికి నడుస్తుంటే మాత్రం, ‘అమ్మీజాన్, పిల్లల స్కూలు ఫీజు కట్టేది ఈ పసుపు ప్లేటే’ అన్నాడు. డిక్కీ ఉన్న కారు హైసియత్‌కు నిషానీ అని నమ్మిన అమ్మీ ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడింది.

డిజైర్ అంటే టాక్సీ అనే పేరు పడటం కంపెనీకీ ఇబ్బందే అయినట్టుంది. 2017 మేలో మూడో తరం వచ్చినప్పుడు పేరులోంచి ‘స్విఫ్ట్’ తీసేశారు. పొడవు అదే 3,995. కానీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పెంచారు, బరువు తగ్గించారు, డిక్కీ 378 లీటర్లకు పెరిగింది. ఈసారి డిక్కీ అతికించినట్టు లేదు, పుట్టుకతో వచ్చినట్టుంది. 2018లో దేశంలో అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైన కారు ఇదే. 2020లో బీఎస్6 నిబంధనలతో డీజిల్ ఇంజిన్‌కు ఖుదా హాఫిజ్ చెప్పారు. 2022లో సీఎన్‌జీ వచ్చింది. డ్రైవర్లకు ఖర్చు తగ్గింది, కానీ సిలిండర్ కూర్చునేది డిక్కీలోనే. ఎయిర్‌పోర్ట్ సవారీల సూట్‌కేసులు మళ్లీ క్యారియర్ మీదికి ఎక్కాయి.

2024 నవంబర్‌లో నాలుగో తరం. సన్‌రూఫ్ గురించి అందరూ మాట్లాడారు. నాకు ముఖ్యం అనిపించింది వేరే. అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు, గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు 5 స్టార్లు, పిల్లలకు 4. మారుతి కార్లలో 5 స్టార్లు తెచ్చుకున్న మొదటిది ఇది. 2008 నాటి డిజైర్ కింది వేరియంట్లో ఒక్క ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు. 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడు కూడా ఆ పాత గీతే వాడారు. అదే 4,000, అదే 1,200, అదే 1,500.

పదహారేళ్లు మనం డిక్కీ ఎంత, మైలేజ్ ఎంత, కిస్తీ ఎంత అని అడిగాం. గుద్దితే ఏమవుతుందని అడగలేదు. సర్కార్ కూడా పొడవు చూసి పన్ను తగ్గించింది గానీ, ప్రాణం కాపాడుతుందా అని చూసి కాదు. రోజుకు పన్నెండు గంటలు స్టీరింగ్ ముందు కూర్చునేది మన ఇళ్ల మగపిల్లలే.

దుల్హే భాయ్ ఇప్పుడు బండి మార్చాలనుకుంటున్నాడు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక పాత డిజైర్ చవగ్గా వస్తోందన్నాడు. టాక్సీల కోసం వచ్చిన కొత్త టూర్ ఎస్‌లో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని చెప్పాను. ‘కిస్తీ ఎక్కువైతది మియా’ అన్నాడు. ఈసారి జవాబు నేను కాదు, అమ్మీ ఇచ్చింది.

‘డిక్కీ చిన్నదైనా ఫర్వా నై బేటా. నువ్వు ఇంటికి రావాలె.’