తరగతి గదిలో చాట్

ఒకే సమయంలో తెరల మీద టైపు చేసుకుంటూ పాఠాన్ని చర్చించే పద్ధతి ఇది. వినికిడి లోపం, పరాయి భాష, బిడియం కారణంగా నోటి చర్చలో వెనకబడే విద్యార్థులకు ఇది బాగా ఉపకరించింది.

దీని మూలాలు 1973లో ఉన్నాయి. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే బోధనా కంప్యూటర్ వ్యవస్థ మీద డగ్ బ్రౌన్, డేవిడ్ వూలీ టాకోమాటిక్ అనే చాట్ ప్రోగ్రామ్‌ను తయారుచేశారు. ఒక్కో ఛానెల్‌లో ఐదుగురు మాట్లాడుకునేవారు. కొట్టిన ప్రతి అక్షరమూ వెంటనే అందరికీ కనిపించేది.

చాట్‌ను బోధనా పద్ధతిగా మలచిన ఘనత బధిరుల చదువుకు దక్కుతుంది. వాషింగ్టన్‌లోని గాలొడెట్ విశ్వవిద్యాలయంలో చాలామంది విద్యార్థులు సంజ్ఞా భాషలోనే మాట్లాడుకుంటారు. వారికి ఇంగ్లిష్ పుస్తకాల్లోనూ, దిద్దిన వ్యాసాల్లోనూ ఎదురయ్యే భాషే తప్ప కబుర్లాడే భాష కాదు. 1985లో అక్కడి ఆచార్యుడు ట్రెంట్ బాట్సన్ ఒక గదిలోని కంప్యూటర్లను కలిపి, తరగతి చర్చంతా ఇంగ్లిష్‌లో టైపు చేయించారు. రాసింది పంపగానే రాసినవారి పేరుతో సహా అందరి తెరల మీదా కనిపించేది. వాదించుకోవడం, ఆటపట్టించడం, సందేహం అడగడం అన్నీ ఇంగ్లిష్‌లోనే సాగాయి. ఎన్ఫీ అనే ఈ పద్ధతి తర్వాత కార్నెగీ మెలన్ వంటి ఇతర విద్యాసంస్థలకూ చేరింది.

1980ల చివర్లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఇంటర్‌ఛేంజ్ అనే తరగతి చాట్ ప్రోగ్రామ్ వచ్చింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో దాన్ని వాడుతూ ఫ్రెంచి నేర్చుకుంటున్నవారిని పరిశోధకుడు రిచర్డ్ కెర్న్ పరిశీలించారు. నోటి చర్చలో కంటే చాట్‌లో వారు రెండు నుంచి మూడున్నర రెట్లు ఎక్కువసార్లు స్పందించారని 1995లో వెల్లడించారు. వ్యాకరణ శుద్ధికీ, చర్చను ఒక కొలిక్కి తేవడానికీ ఇది అంతగా పనికిరాదని కూడా ఆయనే తేల్చారు. మరుసటి ఏడాది మరో పరిశోధకుడు మార్క్ వార్షావర్, వివిధ దేశాల నుంచి వచ్చి ఇంగ్లిష్ నేర్చుకుంటున్న 16 మందిపై చేసిన అధ్యయనం ప్రచురించారు. ముఖాముఖి చర్చలో దాదాపు నోరు మెదపని జపాన్ విద్యార్థులు చాట్‌లో చురుగ్గా పాల్గొన్నారు.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాక చాట్ ఇళ్లలోకి వచ్చింది. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. హోంవర్క్, సందేహాలు వాట్సాప్ గ్రూపుల్లో నడిచాయి. నోట్‌బుక్ పేజీని ఫొటో తీసి పంపితే, టీచర్ చూసి జవాబిచ్చేవారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితోపాటు పనికి వెళ్తే మాత్రం, ఆ పిల్లలు సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చేది.