పోలెండు ప్రజాప్రభుత్వమునకు పునాది

1989వ సంవత్సరమున పోలెండు కమ్యూనిస్టు పాలకులును, నిషిద్ధమైయుండిన సాలిడారిటీ కార్మికసంఘమువారును వార్సాలో గుండ్రని బల్లచుట్టు కూర్చుండి యొడంబడిక చేసికొనిరి: దిగువసభలోని 460 స్థానములలో 299 పాలకకూటమివే. ఆనాడు వోటువేయుట యనగా ఇష్టములేని పేరును కొట్టివేయుటయే. జూన్ 4వ తేదీన జనులు కొట్టివేయగా, ప్రధానమంత్రితో గూడ 35 మంది పాలకప్రముఖులలో 33 మంది యోడిరి!

ఇక నొడంబడిక యేల యని గెలిచినవారు అనవచ్చును, అనలేదు. ఆ 33 స్థానములను కూటమియే మరల నింపుకొనుటకు సమ్మతించిరి. 1981లో తమవారిని చెరబెట్టించిన యరుజెల్స్కీ జులైలో వలసినదానికంటె నొక్క వోటు మించి యధ్యక్షుడగుటకు, వారిలో కొందరు తమ వోట్లు చెల్లకుండ జేసి తోడ్పడిరి. ఇది పిరికితనమని నిందించినవారు గలరు. నాకు మాత్రము సాహసముగనే తోచును. ఆగస్టు 24వ తేదీన సాలిడారిటీ పక్షపు మజొవియెత్స్కీ ప్రధానమంత్రి యయ్యెను. సంపూర్ణ స్వేచ్ఛతో దిగువసభ యెన్నిక 1991 అక్టోబరులో గాని జరుగలేదు.