వానకి ఎవరు ఓడాలి? క్రికెట్లో వాన లెక్కల కథ



మబ్బు పట్టిందంటే మన ఊళ్లలో రెండు రకాల గోల మొదలవుతుంది. ఒకటి కళ్లం దగ్గర, "పట్టా కప్పారా లేదా" అని. రెండోది టీవీ ముందు, "డక్‌వర్త్ లూయిస్ ప్రకారం ఎంత కొట్టాలి" అని. మొదటి లెక్క మనకి పుట్టుకతో వచ్చింది. రెండోది మాత్రం ఎన్ని మ్యాచ్‌లు చూసినా గొడవే. "వాళ్లు కొట్టినదానికంటే వీళ్లకి ఎక్కువ పెట్టారు, ఇదేం న్యాయం" అని రిమోట్ విసిరేసేవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఆ లెక్క ఎవరో ఊరికే కూర్చుని పెట్టింది కాదు. దాని వెనక ఎనభై ఏళ్ల పైబడిన కథ ఉంది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

వెనకటి రోజుల్లో అయిదు రోజుల టెస్టుకి వానతో పెద్ద పేచీ లేదు. పోయిన పూట పోయింది, తేలకపోతే డ్రా. పేచీ అంతా పిచ్ దగ్గర. ఇప్పట్లా వాన రాగానే పట్టాలు కప్పేవాళ్లు కాదు, చాలాచోట్ల ఆట మొదలయ్యాక పిచ్‌ని వానకి వదిలేసేవాళ్లు. వాన కురిసి వెంటనే ఎండ కాస్తే నేల ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? పైన పెచ్చు కడుతుంది, లోపల జిగురు. అలాంటి చోట పడిన బంతి ఒకటి మొహం మీదకి లేస్తుంది, ఒకటి కాళ్ల దగ్గర పాకుతుంది.

1950 డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఇదే జరిగింది. ఆస్ట్రేలియా ఎండలో 228 కొట్టింది. తర్వాత వాన. ఇంగ్లండ్ ఆ తడి పిచ్ మీద 68కి 7 వికెట్లు పోగొట్టుకుని, ఆ నరకం అవతలివాళ్లు కూడా చూడాలని అక్కడే డిక్లేర్ చేసింది. ఆస్ట్రేలియా 32కి 7 పోగొట్టుకుని, వాళ్లూ డిక్లేర్ చేశారు! చివరికి ఇంగ్లండ్ 70 పరుగుల తేడాతో ఓడింది. ముందు రోజు ఎండలో ఎవరు ఆడారన్నదే సగం ఫలితం తేల్చేసింది. తర్వాత తర్వాత పిచ్‌ని కప్పడం అన్నిచోట్లా నియమం అయింది.

ఇంకో విడ్డూరం. అసలు రోజుల లెక్కే లేకుండా, ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడే టెస్టులు కూడా ఉండేవి. 1939 మార్చి 3న డర్బన్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ అలా మొదలుపెట్టి మార్చి 14 దాకా ఆడాయి. ఇంగ్లండ్ గెలవాలంటే 696 కొట్టాలి. 654 కొట్టింది, ఇంకా అయిదు వికెట్లు చేతిలో ఉన్నాయి. అప్పుడు వాన. ఇంగ్లండ్ వాళ్లకి ఇంటికెళ్లే ఓడ టైమయింది, ఆ ఓడ అందుకోవాలంటే కేప్‌టౌన్ రైలెక్కాలి. 42 పరుగుల దూరంలో మ్యాచ్ వదిలేసి రైలెక్కారు. డ్రా! ఆ తర్వాత అలాంటి టెస్టు మళ్లీ పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మనం పిచ్చిగా చూసే వన్డే ఆట పుట్టింది కూడా వాన వల్లే. 1971 కొత్త సంవత్సరం రోజుల్లో మెల్‌బోర్న్ టెస్టు మొదటి మూడు రోజులు వానకి కొట్టుకుపోయింది. జనాన్ని ఉత్త చేతులతో పంపకూడదని జనవరి 5న ఒక్క రోజు ఆట పెట్టారు, ఒక్కో జట్టుకి 40 ఓవర్లు, ఓవర్‌కి 8 బంతులు. 46 వేల మంది వచ్చారు. ఆస్ట్రేలియా 5 వికెట్ల తేడాతో గెలిచింది. అదే ప్రపంచంలో మొదటి వన్డే.

వాన ఇచ్చిన ఆటే, కానీ వాన వస్తే ఏం చెయ్యాలో ఆ ఆటకే తెలియదు. టెస్టులో అయితే డ్రా అనేసి ఇంటికెళ్లొచ్చు. వన్డేలో ఎవరో ఒకరు ఓడాలి. మరి వాన ఎవరి ఖాతాలో వెయ్యాలి?

మొదట పెట్టిన పద్ధతి సగటు. మొదటి జట్టు 50 ఓవర్లలో 250 కొట్టిందనుకోండి, ఓవర్‌కి 5. రెండో జట్టుకి 25 ఓవర్లే మిగిలితే 126 కొడితే చాలు. వినడానికి బాగానే ఉంది. కానీ 25 ఓవర్లకి కూడా పది వికెట్లూ చేతిలోనే ఉంటాయిగా! పోతే పోయిందని బాదేయొచ్చు. అందుకని మబ్బు కనిపిస్తే టాస్ గెలిచినవాడు తర్వాత బ్యాటింగ్ చేసేవాడు.

సగటు అనే మాట ఎంత మోసమో మనకి తెలుసు. పంట బీమాలో ఊరికో మండలానికో సగటు దిగుబడి కట్టి పరిహారం లెక్కేస్తారు. పల్లంలో ఉన్నవాడి చేను మునిగినా, మెరక చేలు బాగుంటే సగటు నిలబడుతుంది. మునిగినవాడికి చేతికి ఏమీ రాదు. సగటు అబద్ధం చెప్పదు, కానీ ఎవరికి ఎంత పోయిందో కూడా చెప్పదు.

ఈ తప్పు దిద్దుదామని 1992 ప్రపంచ కప్‌లో కొత్త రూలు తెచ్చారు. వానకి ఎన్ని ఓవర్లు పోతే, మొదటి జట్టు అతి తక్కువ పరుగులు చేసిన అన్ని ఓవర్లు తీసేసి, మిగిలిన పరుగులు లక్ష్యంగా పెట్టాలి. ఒక పక్క ఒరిగిన బండిని ఇంకో పక్కకి పడేశారు. బాగా బౌలింగ్ చేసి పరుగులివ్వని ఓవర్లే లెక్కలోంచి పోతాయి. అంటే బాగా పనిచేసినవాడికే శిక్ష.

మొదటి దెబ్బల్లో ఒకటి మనకే తగిలింది. 1992 మార్చి 1, బ్రిస్బేన్. ఆస్ట్రేలియా 237 కొట్టింది. మనవాళ్లు ఆడుతుంటే వాన వచ్చి మూడు ఓవర్లు పోయాయి. లక్ష్యం ఎంత తగ్గిందో తెలుసా? రెండంటే రెండు పరుగులు! 50 ఓవర్లలో 238 కొట్టాల్సింది, 47 ఓవర్లలో 236 అయింది. పాత సగటు ప్రకారం అయితే 223 చాలు. కెప్టెన్ మన హైదరాబాద్ అజారుద్దీన్ 93 కొట్టి రనౌట్ అయ్యాడు. ఆఖరి బంతికి 4 కావాలి. శ్రీనాథ్ గాల్లోకి లేపాడు, స్టీవ్ వా క్యాచ్ వదిలేశాడు, మనవాళ్లు పరుగులు తీశారు. మూడో పరుగు వస్తే టై. దానికి పరిగెత్తుతూ ఇంకో హైదరాబాదీ వెంకటపతి రాజు రనౌట్. ఒక్క పరుగుతో ఓడాం.

సరిగ్గా అదే రోజు అడిలైడ్‌లో పాకిస్తాన్ 74కే ఆలౌట్ అయింది. ఇంగ్లండ్ గెలవడం ఖాయం అనుకుంటే వాన వచ్చి మ్యాచ్ రద్దు, చెరో పాయింటు. ఆఖరికి పాకిస్తాన్ ఒక్క పాయింటు తేడాతో సెమీస్‌కి వెళ్లి, కప్పే పట్టుకుపోయింది. ఒకే రోజు ఒకడిని వాన ముంచింది, ఒకడిని తేల్చింది.

అసలు ఘోరం మార్చి 22న సిడ్నీ సెమీఫైనల్లో జరిగింది. వర్ణవివక్ష వల్ల ఏళ్ల తరబడి ఆటకి దూరమైన దక్షిణాఫ్రికాకి అది మొదటి ప్రపంచ కప్. ఇంగ్లండ్ మీద 13 బంతుల్లో 22 కొట్టాలి. వాన పడింది, కాసేపే. రెండు ఓవర్లు పోయాయి. తిరిగొచ్చేసరికి ఒక్క బంతికి 21! మైదానంలో పెద్ద బోర్డు మీద 22 అనే పడింది. రెండు ఓవర్లు తగ్గితే లక్ష్యంలో తగ్గింది ఒక్క పరుగు. మెక్‌మిలన్ ఆ బంతికి సింగిల్ తీసి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఇంకేం చేస్తాడు?

ఆ తర్వాతే ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అనే ఇద్దరు గణాంకాల నిపుణుల లెక్కకి దారి పడింది. 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే, ఇంగ్లండ్ మ్యాచ్‌లో దాన్ని మొదటిసారి వాడారు. తర్వాత స్టీవెన్ స్టెర్న్ అనే ఆయన సవరించాడు కాబట్టి ఇప్పుడు డీఎల్ఎస్ అంటున్నారు. మన కేరళ ఇంజనీరు జయదేవన్ కూడా ఇంకో పద్ధతి తయారుచేశాడు, దాన్ని మన దేశవాళీ మ్యాచ్‌ల్లో వాడారు.

డక్‌వర్త్ లూయిస్ కిటుకు ఒక్కటే. జట్టు చేతిలో ఉండే పెట్టుబడి ఓవర్లు మాత్రమే కాదు, వికెట్లు కూడా. రెండూ కలిపి చూడాలి. 20 ఓవర్లు మిగిలి 9 వికెట్లు ఉన్నవాడికి వాన వస్తే పోయేది చాలా ఎక్కువ. అదే 20 ఓవర్లు మిగిలి రెండు వికెట్లే ఉన్నవాడికి పోయేది తక్కువ. ఎవరికి ఎంత పోయిందో అంత లెక్క. 1992 సెమీస్‌కి ఈ లెక్క వేసి చూస్తే, ఆ ఆఖరి బంతికి గెలవడానికి కావాల్సింది 5 పరుగులు. 21 ఎక్కడ, 5 ఎక్కడ!

మరి వాళ్లు కొట్టినదానికంటే వీళ్లకి ఎక్కువ ఎందుకు పెడతారు? కాలవ నీళ్లతో చూద్దాం. మార్చి దాకా నీళ్లిస్తామంటే ఒకాయన నిదానంగా దీర్ఘకాలిక రకం నాటాడు. జనవరిలో హఠాత్తుగా కాలవ కట్టేశారు. పక్కాయనకి మాత్రం మొదటి రోజే చెప్పారు, జనవరి దాకానే నీళ్లని. ఆయన స్వల్పకాలిక రకం వేసుకున్నాడు. ఇద్దరి ధాన్యం బస్తాలు ఒకే లెక్కన పోలుస్తారా? మొదట బ్యాటింగ్ చేస్తుండగా వాన వచ్చిన జట్టు మొదటాయన లాంటిది. 50 ఓవర్లనుకుని వికెట్లు దాచుకుంది. రెండో జట్టుకి ముందే తెలుసు. అందుకే దానికి నాలుగు పరుగులు ఎక్కువ పెడతారు.

2023 ఐపీఎల్ ఫైనల్ గుర్తు తెచ్చుకోండి, అహ్మదాబాద్‌లో. గుజరాత్ 20 ఓవర్లలో 214. వాన తర్వాత చెన్నైకి 15 ఓవర్లలో 171. పాత సగటు లెక్క అయితే 161. చెన్నై సరిగ్గా 161 దగ్గర ఉండగా రెండు బంతులు మిగిలాయి, ఇంకో 10 కావాలి. జడేజా ఒక సిక్సు, ఒక ఫోరు కొట్టాడు. అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర దాకా మనం మేలుకున్నది ఆ పది పరుగుల కోసమే. మన గుంటూరు అంబటి రాయుడికి అదే ఆఖరి ఐపీఎల్ మ్యాచ్.

లెక్క మంచిదైతే సరిపోదు, కాగితం సరిగ్గా చదవాలి కూడా. 2003 ప్రపంచ కప్‌లో డర్బన్‌లో దక్షిణాఫ్రికా, శ్రీలంక మీద వానలో ఆడుతోంది. ఆ ఓవర్‌కి 229 అని కాగితం మీద ఉంది. అది గెలుపు స్కోరు అనుకున్నారు, కాదు, టై అయ్యే స్కోరు. బౌచర్ సిక్సు కొట్టి 229 చేసి, తర్వాత బంతిని ఊరికే ఆపేశాడు. వెంటనే ఆట ఆగింది. మ్యాచ్ టై, సొంత దేశంలో జరిగే కప్పునుంచి దక్షిణాఫ్రికా ఇంటికి.

ఇక రిజర్వ్ రోజు సంగతి. 2002లో కొలంబోలో మనకీ శ్రీలంకకీ చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. మొదటి రోజు శ్రీలంక 50 ఓవర్లు ఆడింది, మనం రెండు ఓవర్లు ఆడగానే వాన. రెండో రోజు ఆగినచోట నుంచి కాదు, మళ్లీ మొదటి నుంచి ఆడాలని రూలు! శ్రీలంక మళ్లీ 50 ఆడింది, మనం ఎనిమిది చిల్లర ఓవర్లు ఆడాం, మళ్లీ వాన. రెండు రోజుల్లో 110 ఓవర్లు వేసి కూడా ఫలితం లేదు, కప్పు చెరిసగం. తర్వాత ఆగినచోట నుంచే కొనసాగించాలని మార్చారు. 2019 సెమీస్‌లో న్యూజిలాండ్ మర్నాడు 46.1 ఓవర్ల నుంచి మొదలుపెట్టడం అలాగే. మనం 18 పరుగులతో ఓడాం, ఏడుపొచ్చింది, కానీ రూలు మీద వేలు పెట్టే పని లేదు.

వేలు పెట్టాల్సింది 2023 ఆసియా కప్ మీద. సూపర్ ఫోర్ మ్యాచ్‌లు మొదలయ్యాక, మధ్యలో, ఒక్క ఇండియా పాకిస్తాన్ మ్యాచ్‌కి మాత్రం రిజర్వ్ రోజు ఇచ్చారు. బంగ్లాదేశ్, శ్రీలంక ఆడే మ్యాచ్‌లకి లేదు. వాన అందరి మీదా పడుతుంది, గొడుగు ఇద్దరికే! మనం ఆ రిజర్వ్ రోజున 228 పరుగులతో గెలిచాం, కోహ్లి, రాహుల్ సెంచరీలు కొట్టారు. సంతోషమే. అయినా మనకి లాభం వచ్చిందని తప్పు ఒప్పు అవదు. రేపు నష్టపరిహారంలో పెద్ద కమతం వాడికి ఒక రూలు, రెండెకరాల వాడికి ఒక రూలు అంటే ఊరుకుంటామా?

ఇదంతా చదివాక నాకు అర్థమయింది చెప్తాను. వానని ఎవడూ ఆపలేడు. కానీ వాన నష్టం ఎవరు మొయ్యాలన్నది వాన చెప్పదు, మనుషులు రాసిన రూలు చెప్తుంది. ఆ రూలు ఎవరికి నిజంగా ఎంత పోయిందో కొలవాలి. ఆట మొదలవకముందే రాసి ఉండాలి. పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకటే ఉండాలి. క్రికెట్ మొదటిది నేర్చుకోవడానికి పాతికేళ్ల పైనే పట్టింది. మిగతా రెండూ ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు.

ఈసారి డక్‌వర్త్ లూయిస్ అని వినపడితే రిమోట్ విసిరేయకండి. ముందు ఎన్ని ఓవర్లు పోయాయి, ఎన్ని వికెట్లు ఉన్నాయి చూడండి. వానకి మనం ఓడిన మ్యాచ్‌ల్లో మీకు ఇప్పటికీ మంట పుట్టించేది ఏదో కింద రాయండి. నాకైతే బ్రిస్బేన్ ఒక్క పరుగే.