"అయ్యో" అనిపించుకున్న శస్త్రచికిత్స

ఆంగ్లం మాట్లాడే శస్త్రవైద్యులు తమలో తాము ఒక చికిత్సను "హూప్స్" ఆపరేషన్ అని పిలుచుకుంటారు. చేతిలోని గ్లాసు జారిపడినప్పుడు నోటివెంట అప్రయత్నంగా వచ్చే మాట అది. మనమైతే "అయ్యో" అంటాము. తొడలోనో భుజం మీదనో ఉన్న గడ్డను కొవ్వుగడ్డ అనుకొని తీసివేస్తారు. కుట్లు వేసి ఇంటికి పంపుతారు. కొన్నాళ్లకు పాథాలజీ నివేదిక వస్తుంది: సార్కోమా, అంటే మృదుకణజాలంలో పుట్టిన క్యాన్సర్. వైద్యగ్రంథాలు దీనికి "ప్రణాళిక లేని తొలగింపు" అని మర్యాదైన పేరు పెట్టాయి. నాకు మాత్రం ఆ మొరటు పేరులోనే ఎక్కువ నిజాయితీ కనిపిస్తుంది.

పొరబడడానికి కారణాలు లేకపోలేదు. పెద్దవారికి వచ్చే క్యాన్సర్లలో సార్కోమాల వంతు సుమారు నూటికి 1. హానిలేని గడ్డలు వీటికన్నా నూరు రెట్లు ఎక్కువని అంచనా. పైగా చాలా సార్కోమాలు నొప్పి పెట్టవు. నొప్పి లేని గడ్డను చూసి ఎవరు భయపడతారు?

అన్నిటికన్నా పెద్ద మోసం కణితి చుట్టూ కనిపించే తొడుగుది. సార్కోమా పెరుగుతూ పక్కనున్న కండను, కొవ్వును నలుదిక్కులకూ నెడుతుంది. అలా నలిగిన కణజాలం పొరగా అణగి, గడ్డకు నున్నని కవచం ఉన్నట్లు తోస్తుంది. శస్త్రవైద్యుని వేలు ఆ పొర వెంట సులువుగా సాగుతుంది. పనసతొన ఊడివచ్చినట్లు గడ్డ మొత్తం చేతిలోకి వస్తుంది. అప్పుడాయన "పూర్తిగా తీసేశాం" అంటే అది అబద్ధం కాదు, కంటికి కనిపించినంత మేరకు నిజమే. కాని క్యాన్సర్ కణాలు ఆ పొరలోనూ, దానిని దాటి ఆవలా ఉంటాయి. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో పనిచేసిన ఎన్నెకింగ్ 1980లో ఈ కణితులకు దశలను నిర్ణయిస్తూ, కత్తి ఎక్కడి నుంచి నడిచిందన్నదే కీలకమని చూపాడు. కణితిలోంచా, ఈ దొంగ తొడుగు వెంటా, చుట్టూ ఆరోగ్యకరమైన కండను కలుపుకొనా, లేక ఆ భాగం మొత్తాన్నీ తీసివేస్తూనా అన్నది ఆయన విభజన.

ఆ రోజుల్లోనే మరొక మార్పు జరుగుతూ ఉంది. అంతకుముందు కాలిలో సార్కోమా అంటే కాలు తీసివేయడమే సాధారణమైన విరుగుడు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో రోజెన్‌బర్గ్ బృందం 43 మందిని రెండు జట్లుగా చేసి, 16 మందికి అంగచ్ఛేదం, 27 మందికి అవయవాన్ని నిలిపే శస్త్రచికిత్సతో పాటు రేడియేషన్ ఇచ్చి చూసింది. 1982లో ఫలితాలు వచ్చాయి: బతికి ఉండడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దీనితో మొదటి కోత విలువ పెరిగింది. కాలు ఎలాగూ పోయేదైతే ఆ కోత ఎక్కడ పెట్టినా ఒకటే. నిలిపే వీలున్నప్పుడు దానిని పోగొట్టేది కూడా ఆ కోతే కావచ్చు.

అదే ఏడు బాస్టన్ వైద్యుడు మ్యాంకిన్, ఆయన సహచరులు 329 మంది ఎముక, మృదుకణజాల కణితుల రోగుల బయాప్సీలను పరిశీలించారు. ముక్క తీయడంలో జరిగిన పొరపాట్ల వల్ల 15 మందికి అనవసరంగా అవయవం తీసివేయవలసి వచ్చింది. 1996లో 597 మందితో మళ్లీ లెక్క కట్టారు. ఈసారి 18 మంది. పద్నాలుగేళ్ల హెచ్చరికకు దక్కిన ఫలం అంతంత మాత్రమే.

ఇక మన "అయ్యో" గురించి సూటిగా అడిగినవారు లాస్ ఏంజెలెస్ వైద్యులు గ్యులియానో, ఐల్బర్. 1985లో వారు ప్రచురించిన వ్యాసంలో, బయట "మొత్తం తీసేశాం" అనిపించుకొని వచ్చిన రోగులకు మళ్లీ శస్త్రచికిత్స చేస్తే దాదాపు సగం మందిలో కణితి మిగిలే ఉంది. 1996లో టొరంటో వైద్యులు 65 మందిలో 23 మందికి అలాగే ఉందని చూపారు. మిగిలి ఉన్నదీ లేనిదీ చేతితో తడిమినా, స్కానింగ్ చేసినా కచ్చితంగా తేలదు. అందుకే మళ్లీ కోయాలి. అడ్డంగా పెట్టిన గాటు, రక్తం గడ్డకట్టిన చోటు, దూరంగా డ్రెయిన్ గొట్టం పెట్టిన రంధ్రం, ఇవన్నీ కలుషితమైనట్లే లెక్క. వాటన్నిటినీ కలిపి తీస్తే ఆ గుంటను పూడ్చడానికి వేరేచోటి చర్మమూ, కండా కావాలి. ఆయుష్షు తగ్గుతుందా అన్న దానిపై అధ్యయనాల తీర్పులు ఏకం కాలేదు. రోగి పడే పాట్లు పెరుగుతాయన్నది మాత్రం నిర్వివాదం.

స్వీడన్‌లో ఒక సులువైన నియమం అమలు చేశారు. గడ్డ 5 సెంటీమీటర్లు మించినా, ఎంత చిన్నదైనా కండరపు పొరకు లోపల ఉన్నా, కత్తి ముట్టించకుండానే ప్రత్యేక కేంద్రానికి పంపాలి. బ్రిటన్‌లో ప్రజలకు గోల్ఫ్ బంతిని గుర్తుగా చూపారు. మన ఊళ్లలో ఆ బంతిని చూసినవారెందరు? మంచి నిమ్మకాయ అంటే సరిపోతుంది.

మా బంధువు ఒకాయనకు తొడ వెనుక తీసినది అంతకన్నా పెద్దదే. తీసినవారు దానిని పరీక్షకు పంపలేదు. ఎనిమిది నెలలకు అది తిరిగి వచ్చినప్పుడు వేరే వైద్యుడు పాత మచ్చను చాలాసేపు చూశాడు. తరువాత పెన్ను తీసి దాని చుట్టూ గీత గీయడం మొదలుపెట్టాడు. ఆ గీత మచ్చ దగ్గర ఆగలేదు. నాలుగు వేళ్ల దూరంలో, ఎవరూ పట్టించుకోని డ్రెయిన్ రంధ్రపు చుక్క దాకా వెళ్లి, దానిని కూడా లోపల వేసుకొని వెనక్కి వచ్చింది.