కొలాచీలూ భక్షాలూ

డాలస్ నుంచి ఆస్టిన్‌కి కారులో వెళ్ళే తెలుగువాళ్ళకి వెస్ట్ తెలిసే ఉంటుంది. దిక్కు కాదు, ఊరి పేరే వెస్ట్. వేకో రావడానికి కాస్త ముందు, ఐ-35 రోడ్డు పక్కన ఉంటుంది. టెక్సస్‌లో ఉన్న ఆరేళ్ళూ అక్కడ ఆగి కాఫీ తాగడం, ఒక డబ్బా కొలాచీలు కొనుక్కోవడం మాకు అలవాటు. మెత్తటి బన్ను లాంటి రొట్టె, దాని మధ్యలో గుంట, గుంటలో ఆప్రికాట్ జామో గసగసాల ముద్దో ఉంటుంది. సాసేజ్ పెట్టి చుట్టినవీ అమ్ముతారు. మా అమ్మాయికి అవన్నీ కొలాచీలే.

సాసేజ్‌ది కొలాచీ కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని పేరు క్లొబాస్నెక్. టెక్సస్‌లో, ఆ వెస్ట్ ఊళ్ళోనే పుట్టిందంటారు. చెక్ భాషలో ఒకటైతే కొలాచ్, ఎక్కువైతే కొలాచే. అమెరికన్లు ఆ బహువచనాన్నే ఏకవచనం అనుకుని చివర మళ్ళీ ఒక ఎస్ తగిలించారు. ఇది చదివి నవ్వుకున్నాను. తర్వాత ఒక ఉగాదికి మా అమ్మాయి "బొబ్బట్లూస్" అన్నప్పుడు నవ్వు రాలేదు. అసలు మా ఇంటి మాట బొబ్బట్లు కాదు. బేతంచెర్లలో మేము భక్షాలంటాం. ఆ పేరు నా బిడ్డ దాకా రానేలేదు.

ఇంతకీ ఈ చెక్ వాళ్ళు టెక్సస్‌కి ఎందుకొచ్చారు? 1848లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో వెట్టిచాకిరీ రద్దయింది. రైతులకి ఊరు విడిచే స్వేచ్ఛ వచ్చింది గానీ, చేతిలో ఉన్న చెక్క భూమి పెరగలేదు. 1850లో బెర్గ్‌మన్ అనే ప్రొటెస్టంట్ పాస్టరు టెక్సస్‌లోని క్యాట్ స్ప్రింగ్ చేరి, ఇక్కడ భూమి చవక అని ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు చేతులు మారి, పత్రికకెక్కి, ఊళ్ళను కదిలించాయి. 1851లో బయల్దేరిన మొదటి గుంపులో దాదాపు సగం మంది ప్రయాణంలోనూ, చేరిన కొత్తలోనూ చనిపోయారు. అయినా రెండో గుంపు బయల్దేరింది. ముందు వెళ్ళినవాడి కబురు పట్టుకుని వెనక ఊరు ఊరంతా కదలడం మనకేమీ కొత్త కాదు. మనకి ఉత్తరం బదులు వాట్సాప్, అంతే తేడా.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మొరావియా ప్రాంతం వాళ్ళు. మొరావియా పేరు మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు గానీ, బాటా చెప్పులు తొడగనివాళ్ళు తక్కువ. ఆ బాటా కంపెనీ 1894లో మొదలైంది మొరావియాలోని జ్లిన్ ఊళ్ళోనే.

పోయినేడు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని బేతంచెర్ల వచ్చేశాం. నెల తిరక్కుండానే మా అమ్మాయికి కొలాచీ కావాల్సొచ్చింది. ఈస్ట్ వేసి పిండి పొంగించడం నాకు చేతకాదు. అందుకని వాటి చుట్టాల్ని ఎంచుకున్నాను. వాటి పేరు షాతెచ్కి. షాతెక్ అంటే తలకు కట్టుకునే గుడ్డ. చదరంగా కోసిన పిండి మధ్యలో జామ్ పెట్టి, నాలుగు మూలలూ మధ్యకి మడుస్తారు. మన సద్దిమూట కట్టినట్టే.

లెక్క సులువు. మైదా, వెన్న, త్వరోహ్ మూడూ సమానం. త్వరోహ్ అంటే నీళ్ళు పోయేదాకా వడగట్టిన పెరుగు లాంటిది. పెరుగుని పల్చటి గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీశాను. పిండిని మా వంటింటి నాపరాతి గట్టు మీదే వత్తాను. వెన్న కరిగితే ఈ పిండి పాడవుతుంది. అందుకే బేకరీవాళ్ళు పాలరాతి బండ వెతుక్కుంటారు. మా ఊళ్ళో బండలకి కరువా? తెల్లారుజామున ఆ రాయి ఐసు ముక్కలాగుంటుంది.

మొదటిసారి చేసినవి చెడిపోయాయి. కొన్న జామ్ వేడికి ఉడికి, మూతులు తెరుచుకుని ట్రే అంతా పారింది. అమ్మ చూసి, "ఏందిరా ఇది, మూతి తెరిచిన కర్జికాయ మాదిరుంది? పూర్ణం గట్టిగుండాల," అంది. అమ్మ చెప్పిందే నిజం. చెక్ ఇళ్ళలో ఇందులో పెట్టేది జామ్ కాదు, పొవిద్లా. ప్లమ్ పండ్లని గంటల తరబడి, చక్కెర లేకుండానో కొంచెమే వేసో, నల్లటి ముద్ద అయ్యేదాకా ఉడికిస్తారు. గరిటె తిరగేసినా జారకూడదు. పూర్ణం చేతికి అంటకుండా ఉండ కట్టాలని అమ్మ చూసే పరీక్ష కూడా అలాంటిదే. కిరాణా కొట్లో దొరికే ఎండు ఆల్‌బుఖారా పండ్లు నానబెట్టి, కాస్త బెల్లం వేసి అమ్మే దగ్గరుండి ఉడికించింది. ఈసారి నూట ఎనభై డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలకి బంగారు రంగు తిరిగాయి. ఒక్కటీ కారలేదు.

అమ్మ ఒకటి తిని, "బాగుంది. ఏ పండక్కి చేస్తారు దీన్ని?" అనడిగింది.

ఆరేళ్ళు కొలాచీలు తిన్నా నాకు తట్టని ప్రశ్న అది. మొరావియా పల్లెల్లో రోజూ తినేది రై ధాన్యపు నల్ల రొట్టె. తెల్లటి గోధుమపిండి, వెన్న, తీపి పూర్ణం కలిసేది పెళ్ళికో, ఊరి చర్చి పండక్కో. మనకు మద్దిలేటి స్వామి తిరునాళ్ళ ఎట్లాగో వాళ్ళకు ఆ ఊరి పండగ అట్లాగ. పెళ్ళి పిలుపులకి చిన్న చిన్న కొలాచ్‌లు ఇంటింటికీ పంచేవాళ్ళు. చక్కెర అరుదు. అది పెద్ద దిమ్మలుగా వచ్చేది, పగలగొట్టుకోవాలి. ఆ బాధ తప్పించడానికే మొరావియాలోని దాచిత్సె ఊళ్ళో రాడ్ అనే చక్కెర మిల్లు డైరెక్టరు 1843లో చక్కెర బిళ్ళలకు పేటెంటు తీసుకున్నాడు.

ఇక్కడా అంతే. కేసీ కెనాల్ పారే నంద్యాల వైపు వరి ఉంది గానీ, బేతంచెర్లది రాతినేల. మా అవ్వ చిన్నప్పుడు రోజూ జొన్న రొట్టె, కొర్రన్నం. వరిబువ్వే పండగ, ఇక గోధుమపిండి సంగతి చెప్పేదేముంది. 12వ శతాబ్దపు మానసోల్లాసంలో గోధుమతో చేసే మండకాలు, పోళికలు కనిపిస్తాయి. అది చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి గ్రంథం, ఆ వంటిల్లు రాజుది. అలాంటి గోధుమ మామూలు ఇంటికి ఏడాదిలో ఏ రెండు మూడు రోజులో వచ్చేది. భక్షం ఆ రోజుల గుర్తు. అవ్వ తలకిన్ని అని లెక్కపెట్టి వడ్డించేది. ఆ లెక్క పిసినారితనం అనుకునేవాణ్ణి.

టెక్సస్ చెక్ వాళ్ళ మనవల్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే. కొలాచీ మాత్రం ఇరవైనాలుగు గంటలూ హైవే పక్కన దొరుకుతుంది. పేరు మిగిలింది, ఆకారం మిగిలింది, ఆ రోజు మాత్రం పోయింది. హైదరాబాదులో నేతి బొబ్బట్లు ఏడాది పొడుగునా వేడివేడిగా కాలుస్తున్న కొట్లు చూస్తే మనదీ అదే దారి అనిపిస్తుంది. తిండి రోజూ దొరకడం తప్పని నేనెట్లా అంటాను? అవ్వ అసలే అనదు. కానీ ఎందుకు లెక్కపెట్టేదో పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఈ ఉగాదికి మా అమ్మాయి అమ్మ పక్కన కూర్చుని పూర్ణం ఉండలు చేసింది. మొత్తం ఎన్నయ్యాయో తనే లెక్కపెట్టింది. "నలభై రెండు భక్షాలు," అంది. చివర ఎస్ లేదు.