గండమాల అనుకున్న గడ్డ

1981లో మా అన్నయ్య మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రిళ్ళు పక్క తడిసేలా చెమటలు. మనిషి చిక్కిపోయాడు. ‘గండమాల’ అంది నాయనమ్మ. డాక్టరు గారూ క్షయే అన్నారు. ఎనిమిది నెలలు టీబీ మందులు వాడాం. చివరికి గడ్డ కోసి పరీక్షకు పంపితే హాడ్జ్‌కిన్స్ వ్యాధి అని తేలింది. అది లింఫు గ్రంథుల కాన్సరు. ఆ పేరేమిటో తెలుసుకోవాలనే నేను పాథాలజీ చదివాను.

చదివాక తెలిసింది, ఆ పొరపాటు మా ఇంట్లో పుట్టింది కాదని. లండన్ గైస్ ఆస్పత్రిలో శవపరీక్షలు చేసే థామస్ హాడ్జ్‌కిన్ 1832లో ఏడుగురి గురించి రాశాడు. మైక్రోస్కోపు వాడకుండానే, ఇది ఎక్కడి వాపో పాకి వచ్చింది కాదు, గ్రంథుల్లోనే పుట్టిన జబ్బు అన్నాడు. 1865లో శామ్యూల్ విల్క్స్ దానికి ఆయన పేరు పెట్టాడు.

మైక్రోస్కోపుతో చూడడం మొదలయ్యాక తికమక ఇంకా పెరిగింది. 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బర్గ్ ఆ గ్రంథుల్లో పెద్ద పెద్ద కణాలను చూసి కూడా, ఇది క్షయలోనే ఒక వింత రకం అనుకున్నాడు. 1902లో బాల్టిమోర్‌లో డొరొతీ రీడ్ ఆ కణాల బొమ్మలు గీసి, క్షయ వేరు, ఇది వేరు అని తేల్చింది. ఆమె సైతం దీన్ని వాపు జబ్బుగానే లెక్కగట్టింది.

ఈ తికమకకు కారణం నేను స్లైడు మీద రోజూ చూసిందే. గడ్డలో కాన్సరు కణాలు సుమారు నూటికి ఒకటి. మిగతావన్నీ వాపుకి చేరే మామూలు తెల్లకణాలు. వాటి మధ్య గుడ్లగూబ కళ్ళలా రెండు కేంద్రకాలున్న ఆ ఒక్కదాన్నీ వెతికి పట్టుకోవాలి. ఆ పెద్ద కణాలు బి-కణాలనే తెల్లకణాల నుంచి పుట్టిన కాన్సరేనని జన్యువులు చూసి నిరూపించింది 1994లో, జర్మనీలో.

అన్నయ్యకు అసలు మందు మొదలయ్యేసరికి జబ్బు కాలేయానికి పాకింది. ఇరవై ఆరేళ్ళకే పోయాడు.

మన దేశంలో మెడ గడ్డ అంటే ముందుగా క్షయనే అనుమానించడం తప్పు కాదు. ఆ ఒక్క అనుమానంతో ఆగిపోవడమే తప్పు. మందులు వాడుతున్నా గడ్డ కరగకపోతే, సూది పరీక్షతో సరిపెట్టుకోకండి. గ్రంథి మొత్తం తీసి పరీక్ష చేయాలేమో మీ డాక్టరును అడగండి. తొలిదశలో దొరికితే ఈ కాన్సరు చాలామందికి పూర్తిగా నయమవుతుంది.