బీటెక్ సీఎస్‌ఈ: గన్నవరం చుట్టుపక్కల ఏ కాలేజీ? వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఇవి చూసుకోండి

ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు రాగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒక్కటే.. సీఎస్‌ఈ ఎక్కడ? గన్నవరం వాళ్లకైతే కేసరపల్లిలోని మేధా టవర్స్, హెచ్‌సీఎల్ క్యాంపస్ రోజూ కళ్ల ముందే కనిపిస్తాయి. చుట్టూ కాలేజీలకూ కొదవ లేదు. అలాగని ఫ్లెక్సీల మీద ప్యాకేజీలు చూసి నాలుగేళ్ల చదువు, లక్షల రూపాయలు ఒకేచోట పెట్టేయలేం కదా. అందుకే ఈ విషయాలు ముందే తెలుసుకోండి.

డిగ్రీ ఇచ్చేది ఎవరు?

ఈ ప్రాంతంలో ప్రధానంగా నాలుగు రకాల సంస్థలు ఉన్నాయి.

* అనుబంధ కాలేజీలు: తేలప్రోలు ఉషారామ, కానూరు పీవీపీ సిద్ధార్థ, మైలవరం లకిరెడ్డి బాలిరెడ్డి, గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీ లాంటివి. ఇవి జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోనివి. అటానమస్ హోదా ఉంటే సిలబస్, పరీక్షలు కాలేజీవే. పట్టా మాత్రం వర్సిటీదే.
* డీమ్డ్ వర్సిటీలు: 1980లో కాలేజీగా మొదలైన వడ్డేశ్వరం కేఎల్‌కు 2009లో ఈ హోదా వచ్చింది. 1977 నాటి కానూరు వీఆర్ సిద్ధార్థ కూడా ఇప్పుడు ఇదే దారిలోకి వచ్చింది.
* ప్రైవేటు వర్సిటీలు: అమరావతి ప్రాంతంలోని విట్-ఏపీ, ఎస్‌ఆర్‌ఎం-ఏపీ. రెండూ 2017లో మొదలయ్యాయి.
* ప్రభుత్వ సంస్థలు: తాడేపల్లిగూడెం నిట్‌లో జేఈఈ మెయిన్ ర్యాంకుతో సీటు వస్తుంది. సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. నూజివీడు ట్రిపుల్ ఐటీది ఆరేళ్ల కోర్సు, పదో తరగతి మార్కులతోనే ప్రవేశం. ఇంట్లో టెన్త్ చదివే పిల్లలుంటే గుర్తుపెట్టుకోండి.

అసలు ఖర్చు ఎంత?

అనుబంధ ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేది కన్వీనర్ కోటాలో చేరిన అర్హులకే. బీటెక్‌లో మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే మొత్తం సొంత జేబు నుంచే. ప్రైవేటు వర్సిటీల్లోనూ 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ఉన్నాయి. చాలామంది ఈ సంగతి తెలియక ఆప్షనే పెట్టరు.

ట్యూషన్ ఫీజుకు తోడు బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, ట్రైనింగ్ ఫీజు కలిపి నాలుగేళ్ల లెక్క కాగితం మీద వేసుకోండి. ఒకవేళ రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ డబ్బు ముందు ఎవరు కట్టాలి, హాల్‌టికెట్‌కు ఇబ్బంది ఉంటుందా అన్నది అక్కడి సీనియర్లనే అడగండి.

ప్యాకేజీ లెక్కలో మెలిక

ఒక్కరికి 40 లక్షలు వచ్చాయన్న ప్రకటన మిగతా క్లాసు సంగతి చెప్పదు. చూడాల్సింది మీడియన్ జీతం. అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే మొత్తం. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు వెళ్లే సంస్థలు తమ వివరాలను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎంతమంది గడువులోగా పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. అయితే ఆ అంకెలు అన్ని బ్రాంచీలకూ కలిపి ఇచ్చినవి. సీఎస్‌ఈ వరకు విడిగా కాలేజీనే అడగాలి.

నాక్ వేరు, ఎన్‌బీఏ వేరు

నాక్ గ్రేడ్ మొత్తం సంస్థకు ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా వస్తుంది. ఈసీఈకి ఎన్‌బీఏ ఉన్నంత మాత్రాన సీఎస్‌ఈకి ఉన్నట్టు కాదు. కొత్తగా పెట్టిన ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీలకు వెంటనే రాదు కూడా. 2014లో భారత్ వాషింగ్టన్ అకార్డ్‌లో చేరింది కాబట్టి విదేశాలకు వెళ్లాలనుకునే వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

పేరు కొత్తది, పునాది పాతదే

సీఎస్‌ఈ, ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్, ఐటీ.. పేరేదైనా డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ చదవాల్సిందే. బలహీనమైన కాలేజీలో కొత్త పేరున్న బ్రాంచి కన్నా మంచి కాలేజీలో ఐటీ నయం.

బాగా నడిచే కాలేజీలకు బ్రాంచి సీట్లపై ఉన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. దాంతో సీఎస్‌ఈ సెక్షన్లు పెరిగాయి. సెక్షన్లతో పాటు టీచర్లు పెరిగారా? 20 మందికి ఒక టీచర్ అన్నది నిబంధన. ఈ ప్రశ్న తప్పక వేయండి.

ఆప్షన్లు ఎలా పెట్టాలి?

* గన్నవరం ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియాలోకి వస్తుంది. ఆ పరిధి కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే.
* గతేడాది చివరి ర్యాంకుల్ని మీ కేటగిరీలోనే చూడండి.
* బాగా నచ్చిన కాలేజీనే పైన పెట్టండి. అక్కడ రాకపోతే కింది ఆప్షన్‌కు వెళ్తుంది, నష్టమేమీ లేదు. చేరనని తెలిసిన కాలేజీని మాత్రం అసలు పెట్టొద్దు.
* ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి. వాటిని తమ దగ్గరే ఉంచుకోవడం యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనలకు విరుద్ధం.

చివరిగా, కాలేజీ నడిచే రోజు ఒకసారి వెళ్లి రండి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఆగిపోకుండా మూడో ఏడాది పిల్లలతో ఓ పది నిమిషాలు మాట్లాడండి. ల్యాబ్‌లు నిజంగా జరుగుతున్నాయా, సార్లు మధ్యలో మారిపోతున్నారా అన్నది వాళ్లే చెప్తారు.